2020–21 మహిళల ఎఫ్.ఏ. కప్

2020–21 మహిళల ఎఫ్.ఏ. కప్ ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘము (ఎఫ్.ఏ.) నిర్వహించిన మహిళల నాకౌట్ ఫుట్‌బాల్ పోటీ. 2020 శరత్కాలంలో మొదలైన ఈ పోటీ కరోనా మహమ్మారి కారణంగా పలుమార్లు ఆగి, తరువాతి సీజన్ మధ్యలో, 2021 డిసెంబరు 5న ముగిసింది. ఆ రోజు లండన్ లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఫైనల్లో చెల్సీ జట్టు 3–0 తేడాతో ఆర్సెనల్ జట్టును ఓడించి కప్పు గెలుచుకున్నది. ఇది చెల్సీకి మూడవ మహిళల ఎఫ్.ఏ. కప్.

ఈ ఫైనల్ జరిగిన తేదీకి ఒక ప్రత్యేకత ఉంది. సరిగ్గా నూరేళ్ళ క్రితం, 1921 డిసెంబరు 5న, ఇదే ఫుట్‌బాల్ సంఘము తన సభ్య క్లబ్బుల మైదానాలలో స్త్రీలు ఫుట్‌బాల్ ఆడరాదని తీర్మానించింది. నిషేధం విధించిన సంస్థే నూరేళ్ళ తరువాత అదే తేదీన దేశంలోని అతి పెద్ద ఫుట్‌బాల్ మైదానంలో స్త్రీల ఫైనల్ నిర్వహించింది. అందువలన ఈ సీజన్ మహిళల ఫుట్‌బాల్ చరిత్రలో ప్రత్యేకంగా గుర్తుండిపోయింది.

సంక్షిప్తంగా

* పోటీ: మహిళల ఎఫ్.ఏ. కప్ (నాకౌట్)
* దేశం: ఇంగ్లాండు
* సీజన్: 2020–21
* విజేత: చెల్సీ (మూడవసారి)
* రన్నరప్: ఆర్సెనల్
* ఫైనల్ తేదీ: 2021 డిసెంబరు 5
* వేదిక: వెంబ్లీ స్టేడియం, లండన్
* ఫైనల్ ప్రేక్షకుల సంఖ్య: 40,942

నేపథ్యం

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పురుషులు సైన్యంలో చేరగా ఇంగ్లాండు కర్మాగారాలలో స్త్రీలు పనికి కుదిరారు. విరామ సమయాలలో వారు ఫుట్‌బాల్ ఆడటం మొదలుపెట్టారు. ఇటువంటి జట్లలో ప్రెస్టన్ పట్టణంలోని డిక్, కెర్ కర్మాగారపు జట్టు ప్రసిద్ధి చెందినది. ఈ జట్టు ధర్మకార్యాలకు విరాళాలు సేకరించడానికి మ్యాచ్‌లు ఆడేది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరంలోని గుడిసన్ పార్క్ లో సెయింట్ హెలెన్స్ జట్టుతో ఆడిన మ్యాచ్ చూడటానికి సుమారు 53,000 మంది వచ్చారు. స్థలం చాలక ఇంకా వేలాది మంది బయట నిలిచిపోయారు.

ఇది జరిగి ఏడాది తిరగకముందే ఫుట్‌బాల్ సంఘము నిషేధం విధించింది. ఫుట్‌బాల్ స్త్రీలకు తగిన ఆట కాదని, విరాళాల కొరకు వసూలైన సొమ్ములో ఎక్కువ భాగం ఖర్చుల కింద పోతున్నదని సంఘము కారణాలు చెప్పింది. ఈ తీర్మానం ఆటను చట్టవిరుద్ధం చేయలేదు. అయితే సంఘానికి చెందిన మైదానాలు, రిఫరీలు దొరకనందున స్త్రీల జట్లు పెద్ద సంఖ్యలో ప్రేక్షకులను కూర్చోబెట్టగల వేదికలన్నిటినీ ఒక్కసారిగా కోల్పోయాయి. పార్కులలోను, రగ్బీ మైదానాలలోను ఆట కొనసాగింది కాని, టిక్కెట్ల ఆదాయము, పత్రికల ఆదరణ క్రమంగా తగ్గిపోయాయి. నిషేధం సుమారు అర్ధ శతాబ్దం పాటు అమలులో ఉన్నది.

1966లో ఇంగ్లాండు పురుషుల ప్రపంచ కప్ గెలిచిన తరువాత దేశంలో ఫుట్‌బాల్ పట్ల ఆసక్తి పెరిగింది. 1969లో మహిళా ఫుట్‌బాల్ సంఘము ఏర్పడింది. ఈ సంఘము 1970–71లో నాకౌట్ పోటీని ప్రారంభించింది. స్కాట్లాండు, వేల్స్ జట్లతో కలిపి 71 జట్లు అందులో పాల్గొన్నాయి. 1971 మే 9న లండన్ లోని క్రిస్టల్ పాలెస్ క్రీడా ప్రాంగణంలో జరిగిన మొదటి ఫైనల్లో సౌతాంప్టన్ జట్టు 4–1 తేడాతో స్కాట్లాండుకు చెందిన స్టీవర్టన్ థిసిల్ జట్టును ఓడించింది. మొదటి పదకొండు పోటీలలో ఎనిమిదింటిని సౌతాంప్టన్ జట్టే గెలుచుకున్నది.

1993లో పోటీ నిర్వహణ బాధ్యతను ఎఫ్.ఏ. స్వీకరించింది. తరువాతి కాలంలో ఆర్సెనల్ ఈ పోటీలో అత్యంత విజయవంతమైన జట్టుగా నిలిచి, 2016 నాటికి 14 కప్పులు గెలిచింది. 2015 వరకు ఫైనల్ వేర్వేరు నగరాలలోని క్లబ్బు మైదానాలలో జరిగేది. ఆ సంవత్సరం మొదటిసారి వెంబ్లీ స్టేడియంలో నిర్వహించారు. ఆ ఫైనల్లో చెల్సీ 1–0తో నాట్స్ కౌంటీని ఓడించి తన మొదటి కప్పు గెలిచింది. 2018లో ఆర్సెనల్ ను 3–1తో ఓడించి రెండవ కప్పు సాధించింది. 2018 ఫైనల్ కు 45,423 మంది వచ్చారు. 2021 నాటికి ఈ ఫైనల్ కు అదే రికార్డు.

పోటీ విధానం

మహిళల ఎఫ్.ఏ. కప్ పూర్తిగా నాకౌట్ పద్ధతిలో జరుగుతుంది. ఓడిన జట్టు అక్కడితో నిష్క్రమిస్తుంది. ప్రతి రౌండులో ఎవరితో ఎవరు తలపడాలో చీటీల పద్ధతిలో నిర్ణయిస్తారు. మొదట పేరు వచ్చిన జట్టు తన సొంత మైదానంలో ఆడుతుంది. సెమీ ఫైనల్ వరకు ఇదే పద్ధతి. ఫైనల్ మాత్రం వెంబ్లీలో జరుగుతుంది.

ఈ పోటీలో అన్ని శ్రేణుల జట్లు ఒకేసారి ప్రవేశించవు. జిల్లా, ప్రాంతీయ లీగ్‌ల జట్లు అర్హత రౌండ్లతో ప్రారంభిస్తాయి. మూడవ, నాలుగవ శ్రేణులకు చెందిన నేషనల్ లీగ్ జట్లు వాటి తరువాత వచ్చి చేరతాయి. 2020–21 సీజన్లో మొదటి శ్రేణి అయిన విమెన్స్ సూపర్ లీగ్ లోని 12 జట్లు, రెండవ శ్రేణి అయిన ఛాంపియన్‌షిప్ లోని 11 జట్లు నాలుగవ రౌండు నుండి ప్రవేశించాయి. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసే క్రీడాకారిణుల జట్టుకు జీతం తీసుకుని ఆడే జాతీయ జట్టు క్రీడాకారిణులను ఎదుర్కొనే అవకాశం ఈ విధంగా లభిస్తుంది. ఇది లీగ్ పోటీలలో సాధ్యం కాదు.

మహమ్మారి వలన ఆటంకాలు

అంతకు ముందటి సీజన్ (2019–20) పోటీ 2020 మార్చిలో క్వార్టర్ ఫైనల్స్ కు ముందు ఆగిపోయింది. మిగిలిన మ్యాచ్‌లను 2020 సెప్టెంబరులో తిరిగి ప్రారంభించి, నవంబరు 1న ప్రేక్షకులు లేని వెంబ్లీలో ఫైనల్ ఆడించారు. అందులో మాంచెస్టర్ సిటీ అదనపు సమయంలో 3–1తో ఎవర్టన్ ను ఓడించింది. అప్పటికే 2020–21 పోటీ అర్హత రౌండ్లు మొదలయ్యాయి. అంటే 2020 శరత్కాలంలో ఒకే కప్పుకు చెందిన రెండు సంవత్సరాల పోటీలు కొంతకాలం పక్కపక్కనే నడిచాయి.

2020 నవంబరులో ఇంగ్లాండులో రెండవ విడత లాక్‌డౌన్ ప్రకటించారు. ఉన్నత స్థాయి క్రీడలకు మాత్రమే మినహాయింపు లభించింది. మహిళల కప్ ప్రారంభ రౌండ్లలో ఆడేవి చిన్న క్లబ్బులు కాబట్టి అవి ఉన్నత స్థాయి కిందకు రావని నిర్ణయించి పోటీని ఆపివేశారు. 2021 జనవరిలో మూడవ విడత లాక్‌డౌన్ వచ్చినప్పుడు కూడా పోటీ నిలిచిపోయింది.

ఇదే కాలంలో పురుషుల ఎఫ్.ఏ. కప్ కొనసాగింది. వృత్తి క్రీడాకారులు లేని పురుషుల చిన్న క్లబ్బులు కూడా ఆ పోటీలో ఆడటానికి అనుమతి పొందాయి. 2021 జనవరి 10న ఎనిమిదవ శ్రేణికి చెందిన మెరైన్ అనే క్లబ్బు టోటెన్‌హామ్ హాట్‌స్పర్ తో ఆడింది. ఒకే సంస్థ నిర్వహించే రెండు పోటీలలో ఒకటి ఆగి, మరొకటి సాగడం విమర్శలకు దారితీసింది. పురుషుల పోటీ 2021 మే 15న వెంబ్లీలో అనుకున్న సీజన్ లోనే ముగిసింది. స్త్రీల పోటీ ఆ నాటికి ఐదవ రౌండులోనే ఉన్నది.

2021 మార్చి 29 నుండి ఇంగ్లాండులో ఆరుబయట సామూహిక క్రీడలకు తిరిగి అనుమతి లభించింది. మిగిలిన రౌండ్లన్నిటినీ మే నెలలోపు పూర్తి చేయడం సాధ్యం కాదు కాబట్టి, ఐదవ రౌండు వరకు 2020–21 సీజన్లోను, క్వార్టర్ ఫైనల్స్ నుండి ఫైనల్ వరకు 2021–22 సీజన్లోను జరపాలని ఎఫ్.ఏ. నిర్ణయించింది.

నాలుగవ, ఐదవ రౌండ్లు

నిలిచిపోయిన ప్రారంభ రౌండ్లను 2021 ఏప్రిల్ మొదటి వారాలలో వేగంగా పూర్తి చేశారు. నాలుగు నెలలు మైదానానికి దూరంగా ఉన్న చిన్న జట్లు కొద్ది రోజుల సాధనతోనే బరిలోకి దిగవలసి వచ్చింది. ఏప్రిల్ మూడవ వారాంతంలో నాలుగవ రౌండు జరిగింది. పెద్ద జట్లకు, చిన్న జట్లకు మధ్య ఉన్న అంతరం ఈ రౌండు ఫలితాలలో స్పష్టంగా కనిపించింది. ఆర్సెనల్ 10–0తో గిల్లింగ్‌హామ్ ను, చెల్సీ 5–0తో లండన్ సిటీ లయనెసెస్ ను ఓడించాయి. ఒకే శ్రేణికి చెందిన జట్ల మధ్య కూడా ఏకపక్ష ఫలితాలు వచ్చాయి. మాంచెస్టర్ సిటీ 8–0తో ఆస్టన్ విల్లాను ఓడించింది.

మే నెలలో జరిగిన ఐదవ రౌండులో ముఖ్యమైన ఫలితం లెస్టర్ సిటీ విజయం. ఆ సీజన్లో రెండవ శ్రేణి ఛాంపియన్‌గా నిలిచిన లెస్టర్, మే 16న 3–2తో మొదటి శ్రేణికి చెందిన మాంచెస్టర్ యునైటెడ్ ను ఓడించింది. యునైటెడ్ శిక్షకురాలు కేసీ స్టోనీకి ఆ క్లబ్బు తరఫున అదే చివరి మ్యాచ్.

అదే రోజున చెల్సీ జట్టు స్వీడన్ లోని గోథెన్‌బర్గ్ లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి, 0–4తో బార్సెలోనా చేతిలో ఓడిపోయింది. నాలుగు రోజుల తరువాత, మే 20న, ఎఫ్.ఏ. కప్ ఐదవ రౌండులో ఎవర్టన్ ను 5–0తో ఓడించింది. ఆర్సెనల్ 9–0తో క్రిస్టల్ పాలెస్ ను, మాంచెస్టర్ సిటీ 5–1తో వెస్ట్ హామ్ ను ఓడించి ముందుకు సాగాయి.

వేసవి విరామంలో మార్పులు

ఐదవ రౌండుకు, క్వార్టర్ ఫైనల్స్ కు మధ్య నాలుగు నెలలకు పైగా విరామం వచ్చింది. ఈ కాలంలో పోటీలో మిగిలిన జట్ల స్వరూపం మారిపోయింది. ఆర్సెనల్ శిక్షకుడు జో మాంటెముర్రో పదవి వదిలాడు. అతని స్థానంలో స్వీడన్ కు చెందిన యోనస్ ఐడెవల్ వచ్చాడు. ఆ విధంగా ఆర్సెనల్ ఒకే పోటీని ఇద్దరు శిక్షకుల ఆధ్వర్యంలో ఆడింది. రెండవ శ్రేణి జట్టుగా మాంచెస్టర్ యునైటెడ్ ను ఓడించిన లెస్టర్ సిటీ, క్వార్టర్ ఫైనల్ నాటికి మొదటి శ్రేణి జట్టు అయ్యింది. ఎమ్మా హేస్ శిక్షణలోని చెల్సీలో మాత్రం పెద్ద మార్పులు లేవు.

క్వార్టర్ ఫైనల్స్

క్వార్టర్ ఫైనల్స్ 2021 సెప్టెంబరు ఆఖరి వారంలో జరిగాయి. ఎనిమిది జట్లలో రెండవ శ్రేణికి చెందినది చార్ల్‌టన్ అథ్లెటిక్ ఒక్కటే. ఈ దశలో హోరాహోరీగా సాగిన మ్యాచ్ కూడా ఆ జట్టు ఆడినదే.

* ఆర్సెనల్ 5–1 టోటెన్‌హామ్ హాట్‌స్పర్
* చెల్సీ 4–0 బర్మింగ్‌హామ్ సిటీ
* మాంచెస్టర్ సిటీ 6–0 లెస్టర్ సిటీ
* బ్రైటన్ 1–0 చార్ల్‌టన్ అథ్లెటిక్

సెమీ ఫైనల్స్

రెండు సెమీ ఫైనల్స్ 2021 అక్టోబరు 31న జరిగాయి. రెండింటిలోనూ గోల్స్ తేడా ఒక్కటే.

* ఆర్సెనల్ 3–0 బ్రైటన్
* మాంచెస్టర్ సిటీ 0–3 చెల్సీ

రెండవ సెమీ ఫైనల్లో ఓటమితో గత రెండు పోటీల విజేత అయిన మాంచెస్టర్ సిటీ సొంత మైదానంలోనే నిష్క్రమించింది. 2020–21 లీగ్ లో చెల్సీ 57 పాయింట్లతో మొదటి స్థానంలోను, సిటీ 55 పాయింట్లతో రెండవ స్థానంలోను ముగించాయి. ఆ సీజన్ పోరుకు ఈ మ్యాచ్ ఆలస్యంగా వచ్చిన కొనసాగింపు వంటిది.

ఫైనల్

ఫైనల్ నాటికి లీగ్ పట్టికలో ఆర్సెనల్ మొదటి స్థానంలోను, చెల్సీ రెండవ స్థానంలోను ఉన్నాయి. సెప్టెంబరు 5న జరిగిన లీగ్ మ్యాచ్‌లో ఆర్సెనల్ 3–2తో చెల్సీని ఓడించింది. కాబట్టి ఫైనల్లో రెండు జట్లు సమానంగా పోరాడగలవని చాలామంది భావించారు.

కాని మ్యాచ్ మొదటి నుండి చెల్సీ ఆధిపత్యంలోనే సాగింది. మూడవ నిమిషంలోనే ఫ్రాన్ కిర్బీ మొదటి గోల్ చేసింది. రెండవ అర్ధభాగంలో 57వ నిమిషంలో ఆస్ట్రేలియా క్రీడాకారిణి శామ్ కెర్ రెండవ గోల్ చేసింది. 77వ నిమిషంలో కెర్ ముందుకు వచ్చిన గోల్ కీపరు మాన్యుయెలా జిన్స్‌బర్గర్ తలపై నుండి బంతిని నెమ్మదిగా లేపి మూడవ గోల్ సాధించింది. చెల్సీ అంతకు మునుపే మరెన్నో అవకాశాలు సృష్టించుకున్నందున, గోల్స్ తేడా ఇంకా ఎక్కువగా ఉండవలసినదని పరిశీలకులు అన్నారు.

* చెల్సీ 3–0 ఆర్సెనల్
* గోల్స్: కిర్బీ (3వ నిమిషం), కెర్ (57, 77 నిమిషాలు)

ఈ విజయం కిర్బీ, కెర్ ఇద్దరికీ ప్రత్యేకమైనది. కిర్బీ 2019 చివర గుండె చుట్టూ ఉండే పొరకు వాపు వచ్చే వ్యాధితో ఆటకు దూరమైంది. తిరిగి ఆడగలదో లేదో తెలియని స్థితి నుండి కోలుకుని 2020–21లో మైదానానికి వచ్చింది. కెర్ అమెరికా లీగ్ నుండి చెల్సీకి వచ్చిన క్రీడాకారిణి. ఆమె తండ్రి కలకత్తాలో జన్మించాడు. ఆ విధంగా ఆమెకు భారతదేశంతో కుటుంబ సంబంధం ఉంది.

చెల్సీ సాధించిన మూడు కప్పులు

2020–21 సీజన్ కు చెందిన లీగ్ ను చెల్సీ 2021 మే 9న గెలుచుకున్నది. లీగ్ కప్ ఫైనల్లో మార్చి 14న బ్రిస్టల్ సిటీని 6–0తో ఓడించింది. ఎఫ్.ఏ. కప్ కూడా చేరడంతో ఒక సీజన్ కు చెందిన మూడు ప్రధాన దేశీయ కప్పులు చెల్సీకి మొదటిసారిగా లభించాయి. మొదటి కప్పుకు, మూడవ కప్పుకు మధ్య దాదాపు తొమ్మిది నెలలు గడిచాయి. మూడవది చేతికి వచ్చేనాటికి తరువాతి సీజన్ లీగ్ పోటీ సగానికి దగ్గరగా వచ్చింది.

2021–22 పోటీ మాత్రం సకాలంలో ముగిసింది. 2022 మే 15న వెంబ్లీలో చెల్సీ అదనపు సమయంలో 3–2తో మాంచెస్టర్ సిటీని ఓడించింది. దీనితో ఒకే జట్టు ఆరు నెలల లోపు రెండుసార్లు ఎఫ్.ఏ. కప్ గెలిచినట్లయ్యింది.

బహుమతి సొమ్ము వివాదం

ఈ సీజన్ ఫైనల్ విజేతకు లభించిన బహుమతి 25,000 పౌండ్లు. అదే సంవత్సరం పురుషుల ఎఫ్.ఏ. కప్ విజేతకు లభించినది 18 లక్షల పౌండ్లు, అంటే 72 రెట్లు. ప్రారంభ రౌండ్లలో ఆడే చిన్న క్లబ్బులకు ఈ తేడా మరింత భారమయ్యేది. దూరపు పట్టణానికి జట్టును బస్సులో తీసుకువెళ్ళే ఖర్చు కంటే గెలిచినందుకు వచ్చే సొమ్ము తక్కువగా ఉండే సందర్భాలు ఉండేవి. స్త్రీ పురుష జట్లకు 2017 నుండి సమాన నిధులు కేటాయిస్తున్న లూయిస్ క్లబ్బు బహుమతి సొమ్ము కూడా సమానంగా ఉండాలని ప్రచారం చేసింది.

2022 మార్చిలో ఎఫ్.ఏ. మహిళల కప్ మొత్తం బహుమతి నిధిని 2022–23 సీజన్ నుండి సంవత్సరానికి 30 లక్షల పౌండ్లకు పెంచుతున్నట్లు ప్రకటించింది. 2023–24లో దానిని 60 లక్షల పౌండ్లు చేసింది. అయినా పురుషుల పోటీ నిధితో పోల్చితే ఇది తక్కువే.

ప్రాముఖ్యత

ఈ ఫైనల్ కు వచ్చిన 40,942 మంది 2018 రికార్డును దాటలేదు. డిసెంబరు చలి, మహమ్మారి భయం ఇంకా తొలగని రోజులు అవి. తరువాతి సంవత్సరాలలో సంఖ్య వేగంగా పెరిగింది.

* 2022 ఫైనల్: 49,094
* 2023 ఫైనల్: 77,390
* 2024 ఫైనల్: 76,082

1920లో గుడిసన్ పార్క్ లో ఒక స్త్రీల మ్యాచ్ చూడటానికి 53,000 మంది వచ్చారు. మహిళల ఎఫ్.ఏ. కప్ ఫైనల్ ఆ సంఖ్యను మొదటిసారి దాటినది 2023లో, అంటే 102 సంవత్సరాలకు పైగా గడిచిన తరువాత. స్త్రీల ఫుట్‌బాల్ కు ప్రేక్షకులు రారనే మాట నిషేధానికి ముందు నిజం కాదు, నిషేధం తొలగి తగిన మైదానాలు లభించిన తరువాత కూడా నిజం కాలేదు. ఆ రెండింటి మధ్య కాలంలో జట్లకు లేనిది మైదానమే. 2020–21 సీజన్ ఫైనల్ తేదీని పూర్తిగా పథకం ప్రకారం కాక, మహమ్మారి వలన వచ్చిన వాయిదాలు కూడా నిర్ణయించాయి. పోటీ సకాలంలో జరిగి ఉంటే ఫైనల్ వసంతకాలంలో ముగిసేది, నిషేధానికి నూరేళ్ళు నిండిన రోజున వెంబ్లీలో స్త్రీల కప్పు ఫైనల్ ఉండేది కాదు.